పాత మోకాలి గాయం తిరగబెట్టినప్పుడు: చికిత్స నిర్ణయానికి ముందు తెలుసుకోదగిన విషయాలు

కొండదారులు, ఘాట్ రోడ్లు, మెట్లు మెట్లుగా సాగే పొలాలు ఉన్న కొరాపుట్, రాయగడ జిల్లాలలో మోకాలి దెబ్బ కొత్త మాట కాదు. బండి మీదినుంచి పడడం, వానాకాలంలో జారే గట్టు మీద కాలు మెలికపడడం, ఆటలో మోకాలు తిరగడం, బస్తా మోస్తూ మెట్టు తప్పడం ఇక్కడ తరచుగా వినిపించే సంగతులే. ఆనాడు పసుపు, సున్నం పట్టు వేసి, వాపు తీసేవరకు కట్టు కట్టించుకుని మళ్లీ పనిలోకి దిగినవారు అనేకులు. పదేళ్లకో పదిహేనేళ్లకో అదే మోకాలు తిరగబెడుతుంది. మెట్లు దిగుతుంటే పట్టు తప్పుతుంది, సాయంత్రానికి వాస్తుంది, నేలమీద కూర్చుంటే లేవనివ్వదు.

అప్పుడు ఇంటిలో చర్చ మొదలవుతుంది. విశాఖపట్నం వెళ్లి ఆపరేషన్ చేయించాలని ఒకరు, సూదిమందుతో పోతుందని ఒకరు, గుజ్జు అరిగిపోయింది కనుక ఇక ఏమీ చేయలేమని మరొకరు అంటారు. ఈ మూడు మాటలలోనూ కొంత నిజం ఉంది. ఏ మోకాలికి ఏ మాట వర్తిస్తుందన్నదే తేల్చుకోవలసిన విషయం. తొందరపడి చేయించుకున్న శస్త్రచికిత్స అప్పును, నెలల తరబడి కూలి నష్టాన్ని మిగల్చవచ్చు. అవసరమైన చికిత్సను ఏళ్ల తరబడి వాయిదా వేస్తే మిగిలిన మోకాలు కూడా పాడవవచ్చు. నిర్ణయానికి ఆధారం ఫిల్మ్ మీద కనిపించే బొమ్మ ఒక్కటే కాకూడదు. ఆ మోకాలు రోజువారీ జీవితంలో ఏమి చేయనివ్వడం లేదు, దానికి సరైన వ్యాయామం ఎంతకాలం ఇచ్చి చూశారు అన్న రెండు ప్రశ్నలు ముందుగా రావాలి.

“ఎముక విరగలేదు” అన్న మాట తరువాత

దెబ్బ తగిలిన రోజున ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదని తెలియగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించేది ఎముక మాత్రమే. మోకాలిని పట్టి ఉంచే లిగమెంట్లు గానీ, లోపలి మెత్తని భాగాలు గానీ అందులో కనిపించవు.

తొడ ఎముక, కాలి ఎముక, మోకాలి చిప్ప కలిసే చోట మోకీలు ఏర్పడుతుంది. కీలు మధ్యలో రెండు లిగమెంట్లు కత్తెరలా ఒకదానినొకటి దాటుతూ ఉంటాయి. వాటిలో ముందున్నదానిని ఏసీఎల్ అంటారు. కాలి ఎముక ముందుకు జారకుండా, పక్కకు తిరిగినప్పుడు కీలు తొలగకుండా కాపాడేది అదే. కీలుకు ఇరువైపులా మరి రెండు లిగమెంట్లు ఉంటాయి. రెండు ఎముకల నడుమ నెలవంక ఆకారంలో ఉండే మెత్తలను మెనిస్కస్‌లు అంటారు. శరీర భారాన్ని కీలు అంతటా సమంగా పంచడం వాటి పని. ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పి ఉంచుతుంది. జనం గుజ్జు అని పిలిచేది సాధారణంగా దీనినే.

ఏసీఎల్ తెగితే కీలు వదులై, ప్రతి మెలికకూ మెనిస్కస్ మీద, మృదులాస్థి మీద అదనపు రాపిడి పడుతుంది. మెనిస్కస్ చిరిగితే భారమంతా ఒకే చోట పడి అక్కడి మృదులాస్థి త్వరగా అరుగుతుంది. మృదులాస్థికి రక్తనాళాలు లేనందున పోయిన భాగం తిరిగి మునుపటిలా పెరగదు. ఏసీఎల్ గానీ మెనిస్కస్ గానీ దెబ్బతిన్నవారిలో 10 నుంచి 20 ఏళ్లలో సగటున సగం మందికి కీలు అరుగుదల, దానితోపాటు నొప్పి వస్తాయని వైద్య పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. ఇరవై ఏళ్ల వయసులో దెబ్బ తగిలిన యువకుడికి నలభై నిండకముందే ముసలితనపు మోకాలు రావడానికి కారణం ఇదే. మిగిలిన సగం మందికి ఆ స్థితి రాలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవలసినదే.

మూడు రకాల బాధ

పాత గాయం తిరగబెట్టిన మోకాలు సాధారణంగా మూడు విధాలుగా బాధిస్తుంది. ఏ విధమో గుర్తిస్తే సగం దారి తెలిసినట్లే.

మొదటిది పట్టు తప్పడం. నడుస్తూ పక్కకు తిరిగినప్పుడు, వాలు దిగేటప్పుడు మోకాలు ఒక్కసారిగా జారినట్లవుతుంది. నొప్పి కంటే భయం ఎక్కువ. ఇది లిగమెంటు లోపానికి సూచన. తొడ కండరాలు నీరసించినా ఇలాగే అనిపించవచ్చు.

రెండవది పట్టేయడం. మోకాలు కొంతవరకు వంగి అక్కడే ఆగిపోతుంది. చేతితో కదిలించి, అటూ ఇటూ తిప్పితే గానీ చాపడం సాధ్యం కాదు. చిరిగిన మెనిస్కస్ ముక్క కీలులో ఇరుక్కోవడం ఇందుకు ఒక కారణం. కటకటమని చప్పుడు రావడం మాత్రం పట్టేయడం కాదు. నొప్పి లేని చప్పుడుకు చికిత్స అవసరం లేదు.

మూడవది అరుగుదల నొప్పి. పొద్దున లేవగానే కొద్దిసేపు బిగుసుకుని, నాలుగు అడుగులు వేశాక సడలుతుంది. ఎక్కువ నడిచిన రోజు సాయంత్రానికి నొప్పి, వాపు పెరుగుతాయి. కాలం గడిచేకొద్దీ కాలు దొడ్డిగా వంగవచ్చు.

ఒకే మోకాలిలో రెండు మూడు బాధలు కలిసి ఉండవచ్చు. అందుచేత వైద్యుని వద్దకు వెళ్లేముందు రెండు వారాలపాటు ఒక కాగితం మీద వివరాలు రాసుకోవడం ఎంతో ఉపకరిస్తుంది. ఏ పని చేస్తుండగా బాధ వచ్చింది, ఎన్నిసార్లు జారింది, ఏ రోజు వాచింది, ఎంత దూరం నడవగలిగారు అన్నవి చాలు. మొదటి దెబ్బ ఏ సంవత్సరంలో, ఏ విధంగా తగిలిందో కూడా రాసుకోవాలి. దెబ్బ తగిలిన గంటలలోనే మోకాలు ఉబ్బిందని చెప్పగలిగితే అది వైద్యునికి విలువైన సమాచారం. కీలులోకి రక్తం చేరిందనడానికి, తరచుగా ఏసీఎల్ తెగిందనడానికి అది గుర్తు.

పరీక్షలు: చేయి ముందు, యంత్రం తరువాత

అనుభవం గల ఎముకల వైద్యుడు చేతితో మోకాలిని ముందుకు లాగి, పక్కలకు వంచి, తిప్పి చూసి చాలా సంగతులు చెప్పగలడు. తరువాతి మెట్టు ఎక్స్‌రే. అరుగుదల ఎంతో తెలియాలంటే రోగి నిలబడి, కాలి మీద బరువు ఉంచి ఉండగా తీసిన ఎక్స్‌రే కావాలి. పడుకోబెట్టి తీసినదానిలో ఎముకల మధ్య ఎడం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు.

ఎంఆర్‌ఐ అందరికీ మొదటి రోజే అవసరం లేదు. మోకాలు జారుతున్నా, పట్టేస్తున్నా, శస్త్రచికిత్స ఆలోచన ఉన్నా అది ఉపయోగపడుతుంది. దాని నివేదికలోని ప్రతి మాటకూ బెదరనక్కరలేదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 50 ఏళ్లు, ఆపైబడిన 991 మంది మోకాళ్లకు ఎంఆర్‌ఐ తీసి 2008లో ఫలితాలు ప్రకటించారు. మెనిస్కస్ చిరిగినట్లు తేలినవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పి గానీ బిగువు గానీ లేనే లేదు. అంటే చిరుగు కనిపించినంత మాత్రాన బాధకు అదే కారణమని చెప్పలేము. నివేదికలోని మాట, చేతి పరీక్ష, రోగి చెప్పే బాధ ఒకదానితో ఒకటి కుదిరినప్పుడే దానికి విలువ.

ఈ ప్రాంతంలో మరి మూడు సంగతులు మరువరాదు. కొరాపుట్, రాయగడ జిల్లాలలో సికిల్ సెల్ వ్యాధి ఉన్న కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. ఆ వ్యాధిలో తుంటి ఎముక తలకు రక్తం అందక అది దెబ్బతినవచ్చు. తుంటిలోని లోపం మోకాలి నొప్పిగా తెలియడం వైద్యులు తరచుగా చూసేదే. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జులై 1న ప్రారంభమైంది. దాని కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రక్త పరీక్ష చేస్తారు. రెండవది క్షయ. ఒకే మోకాలు నెలల తరబడి వాచి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కీలు క్షయ కాదని నిర్ధారించుకోవాలి. మూడవది తుంటి పరీక్ష. పాత గాయం ఉన్నది కదా అని కొత్త నొప్పినంతటినీ దాని మీదనే మోపడం పొరపాటు.

మొదటి చికిత్స: మూడు నెలల వ్యాయామం

మోకాలు పూర్తిగా పట్టేయకుండా, ప్రమాద లక్షణాలు లేకుండా ఉంటే చికిత్సకు మొదటి మెట్టు వ్యాయామమే. “వ్యాయామం చేశాను, తగ్గలేదు” అనేవారిలో చాలామంది రెండు వారాలు చేసి మానినవారే. కండరం బలపడడానికి కనీసం 6 నుంచి 12 వారాలు పడుతుంది. వారానికి కనీసం మూడు రోజులు, క్రమంగా భారం పెంచుతూ చేసినదే నిజమైన ప్రయత్నం.

ఫిజియోథెరపిస్టు వద్ద ఒకటి రెండుసార్లు నేర్చుకుంటే, ఆ తరువాత ఇంటి వద్దనే చేసుకోదగినవి ఇవి:

1. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు ఉంచి, దానిని నేలకేసి అదుముతూ తొడ కండరం బిగించి 5 సెకన్లు ఉంచడం.

2. వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, బాధ ఉన్న కాలిని తిన్నగా అడుగు ఎత్తు లేపి మెల్లగా దించడం.

3. కుర్చీలోనుంచి చేతుల ఆసరా లేకుండా లేచి, మెల్లగా తిరిగి కూర్చోవడం. మొదట ఎత్తు కుర్చీతో ఆరంభించి, తరువాత తక్కువ ఎత్తుకు రావాలి.

4. తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం. పక్కన గోడ ఆసరా ఉండాలి.

5. ఒంటికాలి మీద నిలబడి తూకం నిలుపుకోవడం. జారే మోకాలికి ఇది ముఖ్యమైనది.

ఒక్కొక్కటి పదిసార్ల చొప్పున మూడు విడతలు చేయవచ్చు. చేస్తున్నప్పుడు కొద్దిపాటి నొప్పి రావడం హాని కాదు. మరునాటి ఉదయానికి అది మామూలు స్థితికి రావాలి. రాకపోయినా, మోకాలు వాచినా, భారం తగ్గించాలి గానీ మానివేయరాదు.

బరువు ఎక్కువగా ఉన్నవారికి మరొక మందు ఉంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే ఒత్తిడి సుమారు నాలుగు కిలోల మేర తగ్గుతుందని 2005లో ప్రచురితమైన అమెరికా పరిశోధన తేల్చింది. చేతికర్రను బాధ ఉన్న కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బాధ ఉన్న కాలు ముందు వేయాలి. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసి చాలాసేపు కూర్చోవడం తగ్గించి, వంటకు, పూజకు, భోజనానికి ఎత్తు పీట వాడితే కీలుకు విశ్రాంతి దొరుకుతుంది.

మందులు, సూదిమందులు ఎంతవరకు

నొప్పి మాత్ర అరిగిన కీలును బాగుచేయదు. నొప్పిని అణచి, వ్యాయామం చేయడానికి వీలు కల్పిస్తుంది. చర్మం మీద రాసుకునే డైక్లోఫెనాక్ జెల్‌తో ప్రారంభించడం మేలు. నోటి ద్వారా వేసుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి కడుపులో పుండుకు, మూత్రపిండాలకు, గుండెకు చేటు తేవచ్చు. మధుమేహం, రక్తపోటు, మూత్రపిండ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు. పేరు లేని పొట్లాలలో ఇచ్చే పొడులు, మాత్రలు ఒక్క పూటలో నొప్పి తీశాయంటే వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశాన్ని అనుమానించాలి.

కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ సూదిమందు కొన్ని వారాలపాటు ఉపశమనమిస్తుంది. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ఒకసారి ఉపయోగపడవచ్చు. మాటిమాటికీ ఇప్పించుకుంటే నష్టమే. రెండేళ్లపాటు మూడు నెలలకొకసారి ఇచ్చి చూసిన ఒక అమెరికా అధ్యయనంలో, ఉప్పునీటి సూది పొందినవారికంటే స్టెరాయిడ్ పొందినవారిలో మృదులాస్థి ఎక్కువగా తరిగిపోయింది. నొప్పిలో తేడా మాత్రం కనిపించలేదు. ఈ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. రోగి రక్తంనుంచే తీసి ఇచ్చే పీఆర్‌పీ సూదిమందుకు ఇటీవల ప్రచారం ఎక్కువ. ఆస్ట్రేలియాలో అరుగుదల ఉన్న 288 మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో అది ఉప్పునీటి సూది కంటే మెరుగని తేలలేదు. వేల రూపాయలు ఖర్చు చేసేముందు ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం.

శస్త్రచికిత్స ఎవరికి, ఎప్పుడు

మూడు బాధలకు మూడు వేర్వేరు శస్త్రచికిత్సలు ఉన్నాయి. ఒకరికి మేలు చేసినది మరొకరికి చేస్తుందని చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

జారే మోకాలికి తెగిన ఏసీఎల్ స్థానంలో రోగి శరీరంలోని మరొక చోటి స్నాయువును అమరుస్తారు. స్వీడన్‌లో అప్పుడే దెబ్బ తగిలిన 121 మంది యువజనులపై జరిపి 2010లో ప్రకటించిన పరీక్షలో, ముందు వ్యాయామం చేసి అవసరమైతేనే ఆపరేషన్ చేయించుకున్నవారు, వెంటనే చేయించుకున్నవారితో సమానంగానే కోలుకున్నారు. పాత గాయం సంగతి కొంత వేరు. బ్రిటన్‌లో పాత ఏసీఎల్ గాయంతో మోకాలు జారుతూ ఉన్న 316 మందిని పరిశీలించి 2022లో వెల్లడించిన ఫలితాలలో, పద్దెనిమిది నెలల తరువాత ఆపరేషన్ మార్గంలో ఉన్నవారి స్థితి మెరుగ్గా ఉంది. అయినా వ్యాయామ మార్గంలో పెట్టినవారిలో 41 శాతం మందే తరువాత ఆపరేషన్‌కు వెళ్లారు. తాత్పర్యం స్పష్టం. సరైన వ్యాయామం తరువాత కూడా మోకాలు జారుతూనే ఉంటే, పని ఎత్తుల మీదనో వాలుల మీదనో ఉంటే, లిగమెంటు అమరిక గురించి గట్టిగా ఆలోచించాలి. జారిన ప్రతిసారీ మెనిస్కస్ కొంత నష్టపోతుంది.

బాడ్మింటన్ క్రీడాకారుడు పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలికి తీవ్రమైన గాయమైంది. శస్త్రచికిత్సలు, సుదీర్ఘమైన శిక్షణ తరువాత 2001 మార్చిలో ఆయన ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యారు. ఆపరేషన్ తరువాత ఏళ్ల సాధన ఉండబట్టే అది సాధ్యమైంది. ఏసీఎల్ అమరిక తరువాత బరువు పనులకు నెలలు, ఆటలకు సుమారు తొమ్మిది నెలలు ఆగవలసి ఉంటుంది. ఆ కాలమంతా వ్యాయామం చేయలేనివారికి ఆపరేషన్ సగం చికిత్సే.

చిరిగిన మెనిస్కస్‌కు కీహోల్ శస్త్రచికిత్స చేస్తారు. యువకులలో కొత్త చిరుగును కుట్టడం మంచి ఫలితమిస్తుంది. మోకాలు నిజంగా పట్టేసి చాపలేని స్థితిలో ఉంటే ఆలస్యం చేయరాదు. నడివయసు దాటి, అరుగుదల కూడా ఉన్నవారి విషయం వేరు. అమెరికాలో 45 ఏళ్లు, ఆపైబడిన 351 మందిపై జరిగిన పరీక్షలో ఆరు నెలల తరువాత ఆపరేషన్‌కూ, వ్యాయామానికీ గణనీయమైన తేడా కనిపించలేదు. వ్యాయామ వర్గంలో 30 శాతం మంది మాత్రం ఆ లోపల ఆపరేషన్‌కు మారారు. ఫిన్లాండ్‌లో అరుగుదల లేని 146 మందిలో కొందరికి మెనిస్కస్ ముక్క తీసి, కొందరికి తీసినట్లు నటించి చూశారు. ఏడాది తరువాత ఇరువర్గాలకూ ఉపశమనం దాదాపు సమానం. ఈ రెండు ఫలితాలూ 2013లో వెలువడినవే. అరిగిన మోకాలిని కీహోల్ ద్వారా కడిగి శుభ్రం చేయడం వల్ల కూడా ప్రయోజనం లేదని 2002లోనే 180 మందిపై జరిగిన అమెరికా పరీక్ష చూపింది.

అరిగిన మోకాలికి చివరి మార్గం మోకీలు మార్పిడి. వయసు తక్కువై, కాలు వంగి, ఒక పక్కనే అరిగి ఉంటే ఎముకను కోసి సరిచేసే శస్త్రచికిత్స మార్పిడిని ఏళ్ల తరబడి వాయిదా వేయగలదు. డెన్మార్క్‌లో 100 మందిపై జరిపి 2015లో ప్రకటించిన పరీక్షలో, మార్పిడి చేయించుకున్నవారికి ఏడాది చివర ఎక్కువ ఉపశమనం దొరికింది. తీవ్రమైన చిక్కులు కూడా వారిలోనే ఎక్కువ. వ్యాయామం, ఆహార నియమం, మందులతో సరిపెట్టుకున్నవారిలో నలుగురిలో ముగ్గురికి ఆ ఏడాదిలో మార్పిడి అవసరం రాలేదు.

అమర్చిన కీళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయని 2019లో ప్రచురితమైన సమీక్ష అంచనా వేసింది. వయసు ఇక్కడ ముఖ్యం. బ్రిటన్ లెక్కల ప్రకారం 70 దాటి చేయించుకున్నవారిలో జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది సుమారు 5 శాతం మందికే. 50 నుంచి 54 ఏళ్ల మధ్య చేయించుకున్న పురుషులలో అది 35 శాతం. మాజీ ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ఎడమ మోకీలు 2000 అక్టోబరులో, కుడి మోకీలు 2001 జూన్‌లో ముంబయిలో మార్చారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. యాభై ఏళ్ల తాపీమేస్త్రికి అదే సలహా అదే విధంగా వర్తించదు. మార్పిడి తరువాత గొంతుక్కూర్చోవడం, బరువులతో కొండ ఎక్కడం సాధారణంగా వద్దంటారు. ఇంటిలో కమోడు, ఎత్తు మంచం ముందుగానే ఏర్పాటు చేసుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి, ఖర్చు ఎలా

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేవరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. పెద్ద వైద్యమంటే విశాఖ వైపు చూసే అలవాటు నాటిదే. రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా, కొరాపుట్ నుంచి అరకు మీదుగా రైలు మార్గాలు ఉండడం ఆ అలవాటును నిలిపింది. ఇప్పుడు కొరాపుట్‌లోనే 2017లో ప్రారంభమైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రాయగడలో జిల్లా కేంద్ర ఆసుపత్రి ఉంది. మొదటి పరీక్ష, నిలబడి తీసే ఎక్స్‌రే, వ్యాయామ శిక్షణ దగ్గరలోనే పొంది, ఆ కాగితాలతో అవసరమైతేనే దూరం వెళ్లడం మేలు. ప్రభుత్వ ఆసుపత్రులలో నిరామయ పథకం కింద మందులు ఉచితం.

ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ – గోపబంధు జన ఆరోగ్య యోజన 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. అర్హత గల కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు, మహిళలకు అదనంగా మరో 5 లక్షల వరకు నగదు లేని చికిత్స లభిస్తుంది. పథకంలో నమోదైన ఇతర రాష్ట్రాల ఆసుపత్రులలో కూడా ఈ కార్డు చెల్లుతుంది. 70 ఏళ్లు నిండినవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు పొందవచ్చు. బయలుదేరేముందు ఆ ఆసుపత్రి నమోదైనదేనా, ఆ ప్రత్యేక శస్త్రచికిత్స అక్కడ పథకం కిందికి వస్తుందా, ముందస్తు అనుమతికి ఎన్ని రోజులు పడుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలి. 14555 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. కర్మాగారాల ఉద్యోగులు తమకు ఈఎస్ఐ గానీ, సంస్థ వైద్య సదుపాయం గానీ ఉందేమో ముందుగా చూసుకోవాలి.

సొంత డబ్బుతో మోకీలు మార్పిడి చేయించుకునేవారు కృత్రిమ కీలు ధర గురించి తప్పక అడగాలి. 2017 ఆగస్టు 16న కేంద్ర ప్రభుత్వం ఈ ధరలకు గరిష్ఠ పరిమితి విధించింది. సాధారణంగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలు ధర పన్ను మినహా 54,720 రూపాయలుగా నిర్ణయమైంది. ఆ తరువాతి సవరణల ప్రకారం అమలులో ఉన్న ధర ఎంతో అడిగి, బిల్లులో కీలు పేరు, ధర విడిగా రాయించుకోవాలి.

ఖర్చు అంటే ఆసుపత్రి బిల్లు మాత్రమే కాదు. రోగితో వెళ్లేవారి కూలి, బస, తిరిగి చూపించుకునే ప్రయాణాలు, ఇంటి వద్ద వంట, పశువుల సంరక్షణ అన్నీ లెక్కలోకి రావాలి. ఇది అత్యవసర శస్త్రచికిత్స కాదు కనుక వరికోతలు ముగిసిన తరువాత, వానలు లేని కాలంలో పెట్టుకోవచ్చు. కోలుకునే నెలలలో బురద దారిలో నడవవలసిన అవసరం తప్పుతుంది.

సంతకానికి ముందు అడగవలసినవి

సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, చికిత్స స్వభావం, దాని ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు తెలిపిన తరువాత పొందినదే నిజమైన సమ్మతి. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు చెల్లదు. కీహోల్ ద్వారా “లోపల చూద్దాం” అన్నప్పుడు, చూసిన తరువాత ఏమి చేయదలచారో ముందే అడగవచ్చు. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది:

1. బాధకు కారణం లిగమెంటా, మెనిస్కసా, అరుగుదలా?

2. ఆపరేషన్ చేయించుకోకపోతే ఏడాదిలో ఏమి కావచ్చు? మూడు నెలలు ఆగితే నష్టమా?

3. నా పనికి, అంటే కొండ ఎక్కడానికి, బరువు మోయడానికి, నేలమీద కూర్చోవడానికి, ఇది ఎంతవరకు వీలు కల్పిస్తుంది?

4. ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం, బిగుసుకుపోవడం వంటి చిక్కులు వస్తే ఎవరిని, ఎక్కడ సంప్రదించాలి?

5. ఆపరేషన్ తరువాతి వ్యాయామం ఎవరు నేర్పుతారు? అది మా ఊరికి దగ్గరలో దొరుకుతుందా?

ఒడియాలో చెప్పిన మాట పూర్తిగా అర్థం కానివారు, తెలుగు, ఒడియా రెండూ వచ్చిన బంధువును వెంట తీసుకుని వెళ్లాలి. మోకాలిని ఒడియాలో ఆంఠు అంటారు. అర్థం కాని భాషలోని పత్రం మీద చదివించుకోకుండా సంతకం చేయరాదు. తమ వైద్య పత్రాల నకళ్లు కోరే హక్కు రోగికి ఉంది. కోరిన 72 గంటలలో ఇవ్వాలని వైద్య మండలి 2002 నియమావళి చెబుతోంది. వాటితో మరొక వైద్యుని అభిప్రాయం అడగడం మొదటి వైద్యుని అవమానించడం కాదు.

ఆగరాని సందర్భాలు

మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది కీలులో చీము కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి చేరాలి. మోకాలు పట్టేసి ఏ విధంగానూ చాపలేకపోయినా, కొత్త దెబ్బ తరువాత కాలు మోపలేకపోయినా, పాదం చల్లబడి తిమ్మిరెక్కినా, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి చేసినా వేచి ఉండరాదు. ఊపిరి ఆడకపోవడం తోడైతే 108 వాహనాన్ని పిలవాలి. రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నవారు కూడా త్వరగా పరీక్ష చేయించుకోవాలి.

ఇవేవీ లేని పాత మోకాలికి సమయం శత్రువు కాదు. వివరాలు రాసుకున్న కాగితం, నిలబడి తీసిన ఎక్స్‌రే, మూడు నెలలు నిజాయితీగా చేసిన వ్యాయామం చేతిలో ఉంటే, ఆపరేషన్ వద్దన్నా కావాలన్నా ఆ నిర్ణయం భయంతోనో, పొరుగువారి మాటతోనో తీసుకున్నది కాబోదు. ఆపరేషన్ తప్పకపోయినా ఆ మూడు నెలలు వృథా కావు. బలమైన తొడ కండరాలతో శస్త్రచికిత్సకు వెళ్లినవారే త్వరగా తమ కాళ్ల మీద నిలబడతారు.